నడిమి పీట మనిషి

మా ఆయనకు అరవై నిండటానికి ఎనిమిది రోజులుందనగా నేను నోరు విప్పాను. ముప్పై ఏళ్ళు మూసుకున్న నోరు. లెపెకా నోరు మూసుకుని కూర్చుందంటే ఊళ్ళో ఎవరూ నమ్మరు. నమ్మకపోతే వాళ్ళ ఖర్మ. ఆ ఒక్క విషయంలో మాత్రం నిజంగానే మూసుకున్నాను. ఎందుకు మూసుకున్నానో, ఎందుకు విప్పానో చెప్పాలంటే ఆయన పుట్టిన దగ్గర్నుంచీ రావాలి.

మా అటాఫు దీవిలో మనిషి వయసు ఎవరూ అడగరు. "ఏ పీటలో కూర్చుంటున్నాడు?" అని అడుగుతారు. పడవకు నాలుగు పీటలు. ముందుండే అణియం పీట కుర్రకారుది. తెడ్డేయడం, చెప్పింది వినడం, తిట్లు తినడం, అంతే వాళ్ళ పని. నడుమ రెండు పీటలూ పెళ్ళాం పిల్లలున్నవాళ్ళవి. అన్నిటికన్నా వెనక, పడవను తిప్పే తెడ్డు దగ్గరిది అమరం పీట. అది తౌటాయ్‌ది. చేపలు పట్టే ప్రతివాడూ తౌటాయ్ కాడు. నీళ్ళ రంగూ, పక్షుల తీరూ, చంద్రుడి లెక్కా తెలిసి, పడవలో ఉన్నవాళ్ళ ప్రాణాలు చేతిలో పెట్టుకోగలిగినవాడే తౌటాయ్. పెద్దలు ఒప్పుకుని, విందు చేసి, ఊరందరి ఎదుటా ఇస్తేనే ఆ పీట. అరవై నిండిన రోజున ఎవరైనా సరే పడవ దిగి పెద్దల ఇంట్లో చాప మీద కూర్చోవాల్సిందే. ఆ తర్వాత ఇంక తెడ్డు ముట్టుకోరు.

మా ఆయన సకలియా ముప్పై నాలుగేళ్ళుగా నడిమి పీటలోనే ఉన్నాడు. అమరం పీట ఆయన వీపు వెనకే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండేది. ఇంకో ఎనిమిది రోజులు పోతే ఇంక ఎప్పటికీ లేదు.

ఆయన పుట్టిన మూడో వారంలోనే తల్లి తీసుకెళ్ళి తన తల్లి మెలె అవ్వ ఒళ్ళో పెట్టింది. మా దగ్గర అది మామూలే. ఎవరి కడుపున పుట్టాడని ఎవరికీ పట్టదు, ఎవరి చాప మీద పడుకున్నాడన్నదే లెక్క. పిల్లాడు మహా ఏడుపుగొట్టట. అవ్వ కనబడకపోతే ఊరు లేపేవాడట. అందుకని అవ్వ ఎక్కడికి వెళ్ళినా "ఇదిగో, ఇప్పుడే వస్తా" అని చెప్పి వెళ్ళేది, చెప్పిన వేళకు వచ్చేది. చర్చికి వెళ్తూ "రెండో కీర్తన అవగానే వస్తా" అంటే, పాస్టరు ప్రసంగం మధ్యలో ఉన్నా సరే, లేచి చరచరా వచ్చేసేదట. పాస్టరు మొహం మాడ్చుకునేవాడని మా అమ్మ చెప్పి చెప్పి నవ్వేది. ఏడాది తిరిగేసరికి పిల్లాడు ఏడవడం మానేశాడు. "వస్తా అంది, వస్తుంది" అన్నట్టు గుమ్మంలో కూర్చుని ఎదురు చూసేవాడట. మాట అంటే నిలబడేది అని ఆయనకు అక్కడే ఎక్కింది. అదే తర్వాత నా పీకల మీదికి వచ్చింది.

నాలుగేళ్ళప్పుడు "నేనే, నేనే" అని ఒకటే గోల. దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బ లోపలి నిలకడ నీళ్ళలో చిన్న పడవేసుకుని తెడ్డేస్తానని మూడుసార్లు బోర్లా పడ్డాడు. ఒడ్డున పిల్లలందరం "నీళ్ళు తాగిన సకలియా, ఉప్పు ఎంత సకలియా" అని పాట కట్టాం. కట్టింది నేనే, అబద్ధమెందుకు. చెవులు ఎర్రబడ్డాయి గానీ ఏడవలేదు. అవ్వ వచ్చి కొడుతుందనుకున్నాం. ఆవిడ పడవ తిప్పి పట్టుకుని, "ఎక్కు, ఈసారి కుడివైపు వాలకు" అంది, అంతే. మర్నాడు మేం లేచేసరికే వాడు నీళ్ళలో ఉన్నాడు.

ఎనిమిదో ఏట అవ్వ దగ్గర కొబ్బరి పీచుతో తాడు పేనడం నేర్చాడు. తొడ మీద పెట్టి పేని పేని, తొడ మీద చర్మం కాయకాసి నున్నగా అయిపోయింది. పదేళ్ళ పిల్లాడు పేనిన తాడు మా నాన్న అడిగి తీసుకెళ్ళాడంటే అది చిన్న విషయం కాదు. మా నాన్న ఎవరినీ మెచ్చుకునే రకం కాదు, నాది ఆయన పోలికే.

పద్దెనిమిదేళ్ళకు బుర్ర తిరిగింది. అందరూ వెళ్తున్నారని ఓడెక్కి అపియా పట్నం వెళ్ళాడు. ఏదో గోడౌన్లో బస్తాలు మోశాడు. ఏడాదికి తిరిగి వచ్చేస్తే ఊరంతా ఎగతాళి.

"ఏరా, అపియాలో తిండి దొరకలేదా?"

"దొరికింది. కానీ ఎవడు పట్టాడో, ఎవరికి పంచారో తెలియని చేప తినడం నాకు నచ్చలేదు."

ఆ మాట నేను మా ఇంటి వెనక మొగలాకులు ఆరబెడుతూ విన్నాను. అప్పుడే అనుకున్నాను, వీణ్ణి చేసుకుంటే పర్లేదని. మా దగ్గర అందరిదీ ఇల్లరికమే. మగవాడు పెళ్ళాం ఇంటికి వస్తాడు, ఇల్లు ఆడదానిది, సముద్రం మగవాడిది. చాపా దిండూ చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చిన రోజు, "నీళ్ళు తాగిన సకలియా వచ్చాడు, జాగ్రత్త" అని మా అమ్మతో అన్నాను. "పాట కట్టినదానికి శిక్ష పడింది" అన్నాడు ఆయన. బాగానే పడింది.

ఇంక అసలు సంగతి. నాకు వరసగా ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు పడమటి గాలి పట్టుకుంది, ఆరు వారాలు పడవలు దిబ్బ దాటలేదు. ఎండు కొబ్బరీ, చేమదుంపా తప్ప ఏమీ లేదు. నేను గోడకు ఆనుకుని కూర్చుని చేప, చేప అని కలవరించేదాన్ని. తప్పా? కడుపుతో ఉన్నదాన్ని, అడగనా?

గాలి తగ్గిన మొదటి రోజు టినియెలు పడవ వెళ్ళింది. టినియెలు అప్పటికి ఊళ్ళో పెద్ద తౌటాయ్. అమరం పీటలో ఆయన, ఆయన ముందు నడిమి పీటలో సకలియా. వచ్చే ఏడాది ఆ పీట సకలియాదేనని ఊరంతా అనుకుంటున్న రోజులు. దేవుడి దయ, పడవంత పొడుగు కొమ్ముకోనం చేప పడింది. మా దగ్గర తాబేలూ, కొమ్ముకోనం పట్టినవాడివి కావు, ఊరివి. పంపకం స్థలంలో ముక్క తగ్గకుండా నేలకు ఆనాలి, అప్పుడు ఇంటింటికీ వాటా వేస్తారు. ఆ పంపకాన్ని ఇనాటి అంటాం. కాళ్ళు లేని ముసలిదానికీ, మొన్న పుట్టినవాడికీ ఒకే కొలత. అది తప్పితే ఈ ఇసుక దిబ్బ మీద మనుషులం బతకలేం.

సకలియా దిబ్బ దాటుతుండగా దాని పొట్ట కింద అరచేతిలో సగమంత ముక్క కోసి ఆకులో చుట్టాడు. టినియెలు చూశాడు. చూసి పక్కకు తిరిగి పక్షుల్ని చూస్తున్నట్టు కూర్చున్నాడట. ఒడ్డుకు రాగానే పెద్దలకు చెప్పేశాడు. చెప్పకపోతే ఆయనదీ అదే తప్పు అవుతుంది, ఆయన్ని నేను ఏమీ అనను. చాలా ఏళ్ళు అన్నాను, ఇప్పుడు అనను.

సకలియా పరుగున వచ్చి ఆకు నా చేతిలో పెట్టాడు. "తిను, తొందరగా తిను" అన్నాడు. అప్పటికే బయట పెద్దల మనిషి వచ్చి పిలుస్తున్నాడు. వెళ్ళాడు.

పెద్దలు చాలా నెమ్మదిగానే మాట్లాడారట. "తప్పయిందని ఒక్క మాట అను. ఏడాది ఆగు. నీ పీట నీకే ఇస్తాం." మా ఆయన తల ఎత్తి, "తప్పని అనను. నా బిడ్డ కోసం కోశాను" అన్నాడట. వాళ్ళు, "అయితే ఆ మాట వచ్చేదాకా ఆగుతాం" అన్నారు. వాళ్ళు ఆగారు. ఈయనా ఆగాడు.

నేను చేసింది వినండి. ఆకు విప్పాను. నోట్లో నీళ్ళూరాయి. పక్కనే మా అమ్మ, "ఊరి నోటి దగ్గరిది తింటావుటే, కడుపులో బిడ్డను పెట్టుకుని? ఇద్దరు పోయింది చాలలేదా?" అంది. సీమపనస చెట్టు మొదట్లో గొయ్యి తీసి, ఆ ముక్కను ఆకుతో సహా పూడ్చి, పైన రాయి పెట్టేశాను. సాయంత్రం ఆయన వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"తిన్నావా?"

"ఆఁ."

"ఎలా ఉంది?"

"బాగుంది" అన్నాను. ఆ మొహం చూశాక ఇంకేం అంటాను? రేపు చెబుదాంలే అనుకున్నాను.

ఫీపే పుట్టింది. బతికింది. గుక్కపట్టి ఏడ్చి ఊరు లేపింది. ఆయన దాన్ని అరచేతుల్లో పెట్టుకుని, "ఇది కొమ్ముకోనం పిల్ల" అన్నాడు. ఇంక నేనెలా చెప్పను? పదేళ్ళు, ఇరవై ఏళ్ళు అదే పేరు. నలుగురిలో, "ఒక పీట ఇచ్చి పిల్లను తెచ్చుకున్నా, బేరం బాగానే ఉంది" అనేవాడు. నేను లోపలికి వెళ్ళి గిన్నెలు తోముకునేదాన్ని.

ఆ ఏళ్ళన్నీ ఆయన నడిమి పీటలో ఊరికే కూర్చోలేదు. పాలా అని ఉంది, వంజరం చేప లాంటిదే, ఇంకా పొడుగు, కత్తిలా దూసుకొస్తుంది. దాన్ని గాలంతో కాదు, తాడు ఉచ్చుతో పట్టాలి. ఎర చేపను ఉచ్చు ముందు ఆడిస్తూ, పాలా తల ఉచ్చులో దూరి తోక దగ్గరికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టి, అప్పుడు బిగించాలి. ముందు బిగిస్తే జారిపోతుంది, ఆలస్యమైతే చెయ్యి కోస్తుంది. మోటారు పడవలు వచ్చాయి గానీ ఆ పని మాత్రం తెడ్ల పడవలోనే, అమరం పీట నుంచే చేస్తారు. ఈయన ఆ పీటలో ఉండడు, కానీ అందులో కూర్చుని నేర్చుకునే ప్రతి కుర్రవాడికీ ముందు నుంచి, వెనక్కి తిరగకుండా చెప్పేవాడు. "ఆగు... ఆగరా... దాని కన్ను చూడు, తాడు కాదు... ఇప్పుడు!" అలా ఏడుగురు తౌటాయ్‌లయ్యారు. ఏడుగురి ఉచ్చుతాడూ ఈయన పేనిందే. ఏడు విందులకూ సీమపనసలు కాల్చింది నేను, ఏడుసార్లూ పళ్ళు కొరుక్కుంటూనే కాల్చాను. ఆయన మాత్రం వాళ్ళకు దండ వేసి, మనసారా నవ్వి, ఇంటికొచ్చి మళ్ళీ తాడు పేనుకునేవాడు. బాధ లేదనుకునేరు. ప్రతి విందు మర్నాడూ ఆయన తిండి సగమే తినేవాడు, పెళ్ళాన్ని కదా, నాకు తెలుసు.

ఈ ఏడు క్రిస్మస్ దగ్గర పడుతుండగా ఫీపే వచ్చింది. ముప్పై ఏళ్ళది, ఇద్దరు పిల్లల తల్లి.

"అమ్మా, నాన్న ఒడ్డున పడవ దగ్గర ఒక్కడే ఉన్నాడే. అమరం పీట మీద చెయ్యి పెట్టి నిమురుతున్నాడు. నన్ను చూసి దొంగలా చెయ్యి తీసేశాడు."

ఆ మధ్యాహ్నమే టినియెలు కర్ర పొడుచుకుంటూ మా ఇంటికి వచ్చాడు. ఎనభై దాటాయి, కళ్ళు కనబడవు.

"అమ్మాయ్, వాడికి చెప్పు. ఒక్క మాట చాలు. వాడికి పీట ఇవ్వకుండా నేను పోతే అక్కడ మెలె అవ్వ నన్ను బతకనిస్తుందా?"

"పోయినవాణ్ణి బతకనివ్వకపోవడమేంటి పెదనాన్నా?"

"ఆవిడ సంగతి నీకు తెలీదు" అన్నాడు.

ఆయన వెళ్ళాక సకలియా తాడు పేనుతుంటే ఎదురుగా కూర్చున్నాను. "తప్పయిందని అనరాదూ? నీ సొమ్మేం పోతుంది?"

"ఫీపే పోతుంది" అన్నాడు తల ఎత్తకుండా. "ఆ ముక్క తప్పయితే, ఆ ముక్కతో బతికిన పిల్లా తప్పే. అది నా నోటితో అనను. పీట లేకపోతే పోయింది, పిల్ల ఉంది."

అప్పుడు నాకు తెలిసింది, తాళంచెవి నా దగ్గరే ఉందని. చెబితే ఆయన నోరు తెరుచుకుంటుంది, పీట వస్తుంది. కానీ ముప్పై ఏళ్ళు దేన్ని పట్టుకుని తల ఎత్తుకు తిరిగాడో అది పోతుంది. నా మీద నమ్మకం ఎలాగూ పోతుంది. ఇంకో నిమిషం ఆగితే చెప్పలేనని తెలిసి, గబగబా అనేశాను.

"ఆ ముక్క నేను తినలేదు."

తాడు ఆగింది.

"భయమేసింది. సీమపనస కింద పూడ్చిపెట్టాను. బాగుందని అబద్ధం చెప్పాను. పిల్ల దాంతో బతకలేదు."

ఆయన నన్ను చూడలేదు. తాడు చుట్ట చుట్టి, వాసానికి తగిలించి, బయటికి వెళ్ళిపోయాడు. శనివారం మాట్లాడలేదు. ఆదివారం చర్చిలో పక్కనే కూర్చుని పాడాడు, నాతో మాట్లాడలేదు. పెట్టింది తిన్నాడు. తిట్టినా బాగుండేది. నలభై ఏళ్ళుగా ఊళ్ళో అందరినీ తిట్టినదాన్ని, నన్ను ఒకరు తిట్టాలని దేవుడికి మొక్కుకున్నాను.

సోమవారం పొద్దున సీమపనస చెట్టు కింద నిలబడి పిలిచాడు.

"ఎక్కడ?"

చూపించాను. ఆ రాయి ఇంకా అక్కడే ఉంది, వేరు దాన్ని సగం మింగేసింది.

"అయితే పిల్ల ఏం తిని బతికింది?"

"ఎండు కొబ్బరీ, చేమదుంపా."

"అంటే దాని బలంతో అదే బతికింది."

"అవును."

"నేనేమో ముప్పై ఏళ్ళు నేను బతికించానని గొప్పలు పోయాను." నవ్వబోయి ఆగిపోయాడు. "ముందే చెప్పి ఉండాల్సింది లెపెకా."

"చెప్పి ఉండాల్సింది" అన్నాను. ఏడుపొచ్చింది. ఏడ్చాను. ఆయన ఆపమనలేదు, అక్కడి నుంచి కదలనూ లేదు. ఏడుపు అయ్యాక, "ఇప్పుడే వస్తా" అని పెద్దల ఇంటివైపు వెళ్ళాడు.

అక్కడ జరిగింది టినియెలే చెప్పాడు. మా ఆయన చాప మీద కూర్చుని, తల వంచి, "ఊరి చేపను కోశాను. తప్పయింది" అన్నాడట. పెద్దలు ఊపిరి పీల్చుకునేలోగా, "కానీ ఆ రోజు మళ్ళీ వస్తే మళ్ళీ కోస్తాను" అన్నాడట. అందరూ టినియెలు వైపు చూశారు. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "నాకు కళ్ళే కాదర్రా, చెవులూ పోయాయి. తప్పయింది అన్నదాకా వినబడింది. ఆ తర్వాత ఎవడైనా ఏమైనా అన్నాడా?" అన్నాడట. విందు శుక్రవారమనీ, దానికి ముందు అమరం పీట నుంచి ఒక పాలాను పట్టి తేవాలనీ పెద్దలు తేల్చారు.

గురువారం నీళ్ళు సద్దుమణిగాయి. ఆయన కూర్చునే పడవలో మిగిలిన మూడు పీటలకు ఆయన తయారు చేసిన ఏడుగురు తౌటాయ్‌లూ కొట్టుకున్నారు. చివరికి పొట్టీ పొడుగూ కొబ్బరీనెలు లాగి తేల్చుకున్నారు. నలభై ఏళ్ళవాడు, తన పడవకు తాను తౌటాయ్, అణియం పీట వచ్చిందని చంటిపిల్లాడిలా గంతేశాడు. నేను ఒడ్డున నిలబడ్డాను. పడవ దిబ్బ దాటేటప్పుడు వెనక కూర్చున్న మనిషి వీపు చూశాను. ముప్పై నాలుగేళ్ళు ఆ వీపు వెనక ఇంకో మనిషి ఉండేవాడు, ఆ రోజు నీళ్ళే ఉన్నాయి.

మిట్టమధ్యాహ్నానికి వచ్చారు. ఒక్కటే పాలా, మనిషంత పొడుగు, ఒంటి మీద గీత లేదు. తోక దగ్గర మాత్రం ఉచ్చుతాడు పడిన గుర్తు ఉంది. మా ఆయన దాన్ని భుజాన వేసుకుని నేరుగా పంపకం స్థలానికి వెళ్ళి టినియెలు పాదాల దగ్గర పెట్టాడు. ముసలాయన వంగి, తల నుంచి తోకదాకా రెండు చేతులతో తడిమాడు. మెల్లగా, వేలు వేలూ పెట్టి తడిమాడు. "మొత్తం ఉంది" అన్నాడు. మొహం తుడుచుకున్నాడు. శుక్రవారం విందు చేశారు. సీమపనసలు నేనే కాల్చాను, ఈసారి పళ్ళు కొరుక్కోలేదు. శనివారం ఆయనకు అరవై నిండాయి. ఒక్క రోజు తౌటాయ్. వెళ్ళి పెద్దల ఇంట్లో టినియెలు పక్కన కూర్చున్నాడు.

గురువారం సాయంత్రం మాట ఒకటి మిగిలిపోయింది. ఇనాటిలో మా ఇంటి వాటా ఫీపే బుట్టలో తెచ్చింది. అరచేతిలో సగమంత ముక్క. ఆయన స్నానం చేసి వచ్చి, తానే కోసి, నిమ్మకాయ పిండి, కొబ్బరిపాలు పోసి, నా ముందు పెట్టాడు.

"తిను."

"నువ్వు తినవా?"

"ముందు నువ్వు. ఈసారి నేనెక్కడికీ పోను, ఎదురుగానే కూర్చుంటా."

ఫీపే చూస్తోంది. నేను తిన్నాను. మింగేదాకా ఆయన కన్ను ఆర్పకుండా చూశాడు.

"ఎలా ఉంది?"

"ఉప్పు తక్కువైంది" అన్నాను. ఈసారి నిజమే చెప్పాను.